క్లాట్ లాజికల్ రీజనింగ్: ఎప్పుడూ చివరి రెండు ఆప్షన్ల దగ్గరే దెబ్బతింటున్నాను, ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. క్లాట్, అంటే నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష, రాయబోతున్నాను. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో సీటు రావాలని, కనీసం విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో అయినా రావాలని ఆశ. ఆరు నెలలుగా రోజూ నాలుగైదు లాజికల్ రీజనింగ్ ప్యాసేజీలు చేస్తున్నాను. మాక్ టెస్టుల్లో 24కి 13, మహా అయితే 14. ప్రతిసారీ రెండు ఆప్షన్లు తీసేసి, మిగిలిన రెండింట్లో తప్పుదే పెడుతున్నాను. వివరణ చదివితే 'ఓహో, ఇంతేనా' అనిపిస్తుంది. మర్నాడు మళ్లీ అదే కథ. టైమ్ కూడా చాలడం లేదు. సీటింగ్ అరేంజ్‌మెంట్, బ్లడ్ రిలేషన్స్ లాంటి పజిల్స్ ఉన్న పుస్తకం మొత్తం చేస్తే లాజిక్ పెరుగుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

సమాధానం:

హైదరాబాద్‌లో క్లాట్ పిల్లలకు ఈ సెక్షన్ చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. పాత పద్ధతి పేపరూ చూశాను, 2020 నుంచి వచ్చిన ప్యాసేజీల పేపరూ చూశాను. 13, 14 దగ్గర ఆగిపోయేవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. కష్టపడని వాళ్లూ కారు. రోజుకు ఐదు ప్యాసేజీలంటే మామూలు కష్టం కాదు. వాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు ఒకటే. ప్యాసేజీ గబగబా చదువుతారు, ప్రశ్న చదువుతారు, సరాసరి ఆప్షన్ల మీద పడిపోతారు. రాసినాయన ఏం వాదిస్తున్నాడో తమ మాటల్లో తేల్చుకోకుండానే నాలుగు ఆప్షన్లనూ ప్యాసేజీతో పోల్చి చూస్తారు. పేపర్ తయారుచేసే వాళ్లకు కావలసింది కూడా అదే.

నాలుగు ఆప్షన్లలో రెండు ఎవరు చూసినా తీసేయగలిగేవే ఉంటాయి. వాటిని తీసేసినందుకు మార్కులు రావు. మూడోది మాత్రం ప్యాసేజీ చదివి, వాదన పట్టుకోని వాళ్ల కోసం శ్రద్ధగా తయారుచేసింది. అందులో ప్యాసేజీలోని మాటలే ఉంటాయి, చెప్పే విషయం కూడా చాలాసార్లు నిజమే అయి ఉంటుంది, ప్రశ్నకు జవాబు మాత్రం కాదు. కాబట్టి 'చివరి రెండింట్లో దురదృష్టం' అనుకోకండి. ఆప్షన్ల దాకా వచ్చేసరికే చేతిలో ఏమీ లేదన్నమాట.

చెబితే తేలిగ్గానే అనిపిస్తుంది కాబట్టి ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. నేను అల్లినదే, ఏ పేపర్లోదీ కాదు.

"ఒక జిల్లాలో పోయినేడాది మహిళా పోలీస్ స్టేషన్ తెరిచారు. ఈ ఏడాది అక్కడ గృహహింస ఫిర్యాదులు రెట్టింపయ్యాయి. కాబట్టి స్టేషన్ వచ్చాక ఆ జిల్లాలో ఆడవాళ్ల మీద హింస పెరిగింది."

ప్రశ్న: ఈ వాదనను ఎక్కువగా బలహీనపరిచేది ఏది?

ఎ) మహిళా పోలీస్ స్టేషన్ లేని పక్క జిల్లాలో కూడా గృహహింస ఎక్కువగానే ఉంది.
బి) స్టేషన్ రాకముందు చాలామంది బాధితులు ఫిర్యాదు చేయడానికే భయపడేవారని ఒక సర్వేలో తేలింది.
సి) ఆ స్టేషన్‌లో సిబ్బంది కొరత ఉంది.
డి) గృహహింసను అరికట్టడం పోలీసుల ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఆప్షన్లను చేత్తో మూసి, ముందు వాదనను విడదీయండి. రచయిత తేల్చి చెప్పిన మాట ఏది? హింస పెరిగింది. దానికి చూపించిన ఆధారం? ఫిర్యాదులు పెరిగాయి. ఆధారంలో ఉన్నది ఫిర్యాదు, తేల్చింది హింస గురించి. ఈ రెండూ ఒకటి కావు. జరిగిన హింస అంతే ఉండి, చెప్పుకునే ధైర్యం పెరిగినా ఫిర్యాదులు రెట్టింపవుతాయి. ఇంత గ్రహించాక ఆప్షన్లు చూస్తే, ఫిర్యాదుకూ హింసకూ మధ్య ఉన్న ఆ సందులో వేలు పెట్టింది బి ఒక్కటే.

ఇప్పుడు డి చూడండి. క్లాసులో ఈ ఉదాహరణ ఇస్తే తప్పు పెట్టేవాళ్లు ఎక్కువగా పెట్టేది డి. ఎందుకంటే అది మంచి మాట, నిజమైన మాట, వ్యాసం రాసేటప్పుడు మనమే రాసే మాట. కానీ హింస పెరిగిందా లేదా అన్న దాని జోలికే అది పోలేదు. ఎ కూడా అంతే. పక్క జిల్లాలో హింస ఎక్కువ అయినంత మాత్రాన ఈ జిల్లాలో పెరగలేదని ఎలా అంటాం?

ఇదే వాదన మీద ఇంకో రకం ప్రశ్న: రచయిత చెప్పకుండా నమ్ముతున్నది ఏది, అంటే అజంప్షన్. రెండు ఆప్షన్లు మిగిలాయి అనుకోండి.

ఒకటి: గృహహింసకు గురైన ప్రతి మహిళా ఫిర్యాదు చేస్తుంది.
రెండు: బాధితుల్లో ఫిర్యాదు చేసేవాళ్ల శాతం స్టేషన్ వచ్చాక పెద్దగా పెరగలేదు.

మీరు ఇరుక్కునేది సరిగ్గా ఇలాంటి జంట దగ్గరే అని నా అంచనా. రెండూ ఫిర్యాదుల గురించే, రెండూ వాదనకు దగ్గరగానే ఉన్నాయి. ఇక్కడ పనికొచ్చే పరీక్ష ఒకటి ఉంది. ఆప్షన్‌ను తిరగేసి చదవండి. తిరగేస్తే వాదన కూలిపోవాలి. అప్పుడే అది అజంప్షన్. మొదటిదాన్ని తిరగేస్తే 'కొందరు ఫిర్యాదు చేయరు' అని వస్తుంది. చేయకపోతే ఏమైంది? పోయినేడాదీ సగం మందే చేసి, ఈ ఏడాదీ సగం మందే చేసి ఉంటే రచయిత లెక్క చెడదు. వాదన నిలబడే ఉంది. రెండోదాన్ని తిరగేస్తే 'ఫిర్యాదు చేసేవాళ్ల శాతం బాగా పెరిగింది' అని వస్తుంది. అప్పుడు రెట్టింపైన ఫిర్యాదులు హింస పెరిగిందని చూపించలేవు. కూలిపోయింది. జవాబు రెండోది.

'ప్రతి' అన్న ఒక్క మాట మొదటి ఆప్షన్‌ను చంపేసింది. రచయితకు అంత పెద్ద నమ్మకం అవసరం లేదు. ఆయన వాదనకు కనీసం ఎంత కావాలో అంతే అజంప్షన్ అవుతుంది. ఎవ్రీ, ఓన్లీ, నెవర్, ఆల్వేస్, ప్రైమరీ, ఆల్ లాంటివి ఆప్షన్లో కనిపిస్తే పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టండి. అవి ఉన్నంత మాత్రాన ఆప్షన్ తప్పని కాదు. ప్యాసేజీలోనూ అంత గట్టిగానే చెప్పి ఉంటే అది ఒప్పే. ఎక్స్‌ట్రీమ్ వర్డ్ ఉంటే కళ్లు మూసుకుని కొట్టేయమని కొందరు నేర్పుతారు. ఆ చిట్కాను నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటారు.

ఇన్ఫరెన్స్ ప్రశ్నల్లో, అంటే ప్యాసేజీ నుంచి ఏం తేలుతుందని అడిగేవాటిలో కూడా గొడవ మాటల బరువు దగ్గరే. "మా కాలేజీలో మూట్ కోర్టులో పాల్గొన్నవాళ్లలో ఎక్కువ మందికి ఇంటర్న్‌షిప్ వచ్చింది" అని ప్యాసేజీలో ఉందనుకుందాం (మూట్ కోర్టు అంటే లా విద్యార్థుల నమూనా కోర్టు వాదనలు). దీన్నుంచి కచ్చితంగా ఏం చెప్పగలం? 'మూట్ కోర్టులో పాల్గొనడం ఇంటర్న్‌షిప్‌కు ఉపయోగపడుతుంది' అని పెట్టేవాళ్లే ఎక్కువ. కానీ అసలే చురుకైనవాళ్లు రెండూ చేసి ఉండొచ్చు. 'ఇంటర్న్‌షిప్ వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మూట్ చేసినవాళ్లే' అన్నదీ తేలదు. మూట్ చేసింది 20 మందే, ఇంటర్న్‌షిప్ వచ్చింది 200 మందికి అయితే? 'ఇంటర్న్‌షిప్ వచ్చినవాళ్లలో కనీసం కొందరు మూట్ చేశారు' అన్నది మాత్రం తప్పకుండా నిజం. చప్పగా, ఇది కూడా ఒక జవాబేనా అన్నట్టు ఉంటుంది. ఇన్ఫరెన్స్‌లో ఒప్పు జవాబు చాలాసార్లు అలాగే ఉంటుంది. ఆకర్షణీయంగా కనిపించిన ఆప్షన్‌ను ఇక్కడ అనుమానించడం మంచిది.

ఇక్కడే ఇంకో తేడా గమనించాలి. వీకెన్ (వాదనను బలహీనపరిచేది), స్ట్రెంగ్తెన్ (బలపరిచేది) ప్రశ్నల్లో ఆప్షన్ కొత్త సమాచారం తెస్తుంది. తేవాలి కూడా. పైన బి ఆప్షన్‌లోని సర్వే ప్యాసేజీలో ఎక్కడా లేదు, అయినా అదే జవాబు. ఇన్ఫరెన్స్‌లో మాత్రం ప్యాసేజీ దాటి ఒక్క అడుగు వేసినా తప్పే. 'ఇది ప్యాసేజీలో లేదు' అన్న కారణంతో వీకెన్ ప్రశ్నలో సరైన ఆప్షన్‌ను కొట్టేసే పిల్లలను చాలామందిని చూశాను. ప్రశ్న రకాన్ని బట్టి రూలు మారుతుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇఫ్, ఓన్లీ ఇఫ్, అన్‌లెస్ వచ్చే వాక్యాల దగ్గర తెలుగు మీడియంలో చదివినవాళ్లు భయపడతారు. నిజానికి ఇక్కడ మనకే సుఖం. "డిపాజిట్ కడితే అప్పీలు తీసుకుంటారు", "డిపాజిట్ కడితేనే అప్పీలు తీసుకుంటారు" అన్న రెండు వాక్యాల్లో తేడా మీకు చిన్నప్పటి నుంచే తెలుసు. మొదటిదాంట్లో కడితే చాలు. రెండోదాంట్లో కట్టకపోతే పని కాదు, కట్టినా ఇంకేదో కారణంతో తిప్పి పంపొచ్చు. 'నో అప్పీల్ షల్ బి అడ్మిటెడ్ అన్‌లెస్ ది డిపాజిట్ ఈజ్ పెయిడ్' అన్నది రెండో రకం. ఇలా 'నో... అన్‌లెస్' గానీ, ఓన్లీ ఇఫ్ గానీ కనిపించగానే మనసులో 'అయితేనే' అని మార్చుకుని చదవండి. లీగల్ రీజనింగ్ సెక్షన్‌లో కూడా ఇది ఉపయోగపడుతుంది.

ఇక మీ ప్రాక్టీసు సంగతి. రోజుకు ఐదు ప్యాసేజీలు ఆపేయండి. రెండు చాలు. మిగిలిన టైమ్‌ను ఆ రెండింటి మీదే పెట్టాలి. ఎలాగో చెబుతాను.

టైమర్ పెట్టుకుని ప్యాసేజీ చేయండి. అనుమానంగా పెట్టిన ప్రతి జవాబు పక్కనా ఒక గుర్తు పెట్టుకోండి. టైమ్ అయిపోయాక కీ (సరైన జవాబుల పట్టిక) చూడకండి. ఇదే కష్టమైన భాగం, చెయ్యి దానంతటదే కీ వైపు పోతుంది. గుర్తు పెట్టిన ప్రశ్నలను టైమర్ లేకుండా, ఎంతసేపైనా సరే, మళ్లీ చేయండి. వాదన కాగితం మీద రాయండి: తేల్చింది ఏమిటి, ఆధారం ఏమిటి, మధ్యలో సందు ఎక్కడ. మొదటి జవాబు చెరపకుండా రెండో జవాబు పక్కన రాయండి. అప్పుడు కీ చూడండి. మీకు రెండు స్కోర్లు వస్తాయి: టైమ్‌లో చేసినదానికి ఒకటి, తీరిగ్గా చేసినదానికి ఒకటి.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ సమస్య ఏమిటో వారంలో తెలిసిపోతుంది. టైమ్‌లో 13, తీరిగ్గా 20 వస్తుంటే మీకు లాజిక్ వచ్చు. ఒత్తిడిలో ఆప్షన్ల మీద పడిపోతున్నారంతే. టైమ్‌లో 13, తీరిగ్గా కూడా 14 వస్తుంటే స్పీడ్ గురించి ఆలోచించడం శుద్ధ దండగ. ఎంత టైమ్ ఇచ్చినా రానిది తక్కువ టైమ్‌లో రాదు. అలాంటివాళ్లు ఒక నెల పాటు టైమర్ పక్కన పెట్టేయాలి. టెన్షన్ వస్తుంది, అందరూ మాక్‌లు రాస్తుంటే మీరు మాత్రం ఒక్కో ప్యాసేజీ మీద ముప్పావుగంట కూర్చోవాలంటే ఎవరికైనా వస్తుంది. అయినా సరే.

రెండోది నోట్‌బుక్. తప్పుల నోట్‌బుక్ పెట్టమని అందరూ చెబుతారు, అందరూ అందులో కోచింగ్ వాళ్ల వివరణను ఎత్తి రాస్తారు. అది దండగ పని. 'ఓహో, ఇంతేనా' అని మీకు అనిపించడానికి కారణం, వివరణ ఎప్పుడూ ఒప్పు జవాబు ఎందుకు ఒప్పో చెబుతుంది. తప్పు ఆప్షన్ మీకు ఎందుకు నచ్చిందో దానికి తెలియదు. తెలిసింది మీకే. కాబట్టి మీ మాటల్లో, తెలుగులోనే రాయండి. పై ఉదాహరణలో డి పెట్టి ఉంటే ఇలా రాస్తారు: 'డి పెట్టాను. బయట అది నిజమే కదా అనిపించింది. కానీ ఫిర్యాదులకూ హింసకూ ఉన్న లంకె గురించి అందులో ఏమీ లేదు. బి వదిలేశాను, సర్వే ప్యాసేజీలో లేదనుకున్నాను. వీకెన్ ప్రశ్నలో కొత్త సమాచారం రావచ్చు.' ఐదు వాక్యాలు. ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఇలా ఒక నలభై తప్పులు రాశాక వెనక్కి తిరిగి చదవండి. ఎవరి తప్పులైనా రెండు మూడు రకాల్లోనే తిరుగుతుంటాయి. కొందరు మాటల బరువు చూడరు. కొందరు రచయిత మాటను, రచయిత ఖండించిన ఎదుటివాళ్ల మాటను కలిపేస్తారు. కొందరు ప్రశ్నలో ఎక్సెప్ట్, లీస్ట్ అన్న మాటలు దాటేస్తారు. రిజర్వేషన్లు, ఉరిశిక్ష, సోషల్ మీడియా లాంటి టాపిక్ రాగానే సొంత అభిప్రాయం తెచ్చి పెట్టేవాళ్లూ ఉంటారు, డిబేట్లలో బాగా మాట్లాడే పిల్లలకు ఈ జబ్బు ఎక్కువ. మీది ఏ రకమో తెలిశాక ప్రాక్టీసు దాని మీదే నడవాలి. అన్నీ సమానంగా చేయడం వల్ల మీకు వచ్చినవే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చుంటారు.

రచయిత మాట, ఎదుటివాళ్ల మాట అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం చెప్పాలి. క్లాట్‌లో వచ్చే ప్యాసేజీలు చాలావరకు పత్రికల అభిప్రాయ వ్యాసాల ధోరణిలో ఉంటాయి. అలాంటి వ్యాసాలు రాసేవాళ్లు తరచుగా మొదట ఎదుటివాళ్ల వాదన చెప్పి, తర్వాత దాన్ని తోసిపుచ్చుతారు. 'క్రిటిక్స్ ఆర్గ్యూ', 'ఇట్ ఈజ్ ఆఫెన్ సెడ్', 'అడ్మిటెడ్లీ' లాంటివి కనిపిస్తే అవతలివాళ్ల గొంతు మొదలైందని అర్థం. 'బట్', 'హౌఎవర్', 'యెట్' దగ్గర రచయిత తిరిగి వస్తాడు. పక్కన మార్జిన్‌లో 'వాళ్లు', 'ఈయన' అని రాసుకుంటే చాలు. ఆ రెండు చిన్న మాటలు ప్యాసేజీకి ఒక మార్కయినా నిలబెడతాయని నా నమ్మకం. ఉదాహరణ కోసం చెప్పిన వాక్యాన్ని, గణాంకాన్ని ముగింపు అనుకునే పొరపాటు కూడా దీంతో తగ్గుతుంది.

మీరు తెలుగు మీడియం అన్నారు కాబట్టి ఒక పని తప్పకుండా చేయండి. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, ఏదైనా సరే, సంపాదకీయం ఒకటి తీసుకోండి. రచయిత తేల్చింది ఏమిటో ఒక వాక్యంలో, ఆధారాలు రెండు వాక్యాల్లో రాయండి. మర్నాడు ఒక ఇంగ్లిష్ సంపాదకీయంతో అదే పని చేయండి. తెలుగులో సులువుగా చేసి ఇంగ్లిష్‌లో తడబడితే మీకు లోపం లాజిక్‌లో లేదు, ఇంగ్లిష్ చదవడంలో ఉంది. అప్పుడు ఎన్ని రీజనింగ్ ప్రశ్నలు చేసినా లాభం తక్కువ. రోజూ రెండు ఇంగ్లిష్ వ్యాసాలు చదివి, తెలుగులో సారాంశం చెప్పుకోవడమే మందు. క్లాట్ పేపర్ ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటుంది, ఆ విషయంలో తప్పించుకునే దారి లేదు. తెలుగులో కూడా తడబడితే మాత్రం పైన చెప్పిన విడదీయడం దగ్గర నుంచే మొదలుపెట్టాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, స్కూల్లో ఎవరూ నేర్పని విషయం ఇది. వ్యాసం చదివి బాగుంది, బాగాలేదు అనడం వరకే మనకు అలవాటు.

టైమ్ గురించి క్లుప్తంగా. పేపర్‌లో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. 2023 డిసెంబర్‌లో జరిగిన క్లాట్ 2024 నుంచి ఇలా ఉంది, అంతకుముందు 150 ప్రశ్నలు ఉండేవి. లాజికల్ రీజనింగ్‌కు 22 నుంచి 26 ప్రశ్నలు. ప్యాసేజీ సుమారు 450 పదాలు, ఒక్కోదాని మీద ఐదారు ప్రశ్నలు. కరెంట్ అఫైర్స్ ప్రశ్నలు తెలిస్తే తెలుస్తాయి, లేకపోతే లేదు. అక్కడ మిగిలిన టైమ్ ఇక్కడ వాడుకోవచ్చు. అలా చూస్తే ఒక ప్యాసేజీకి, దాని ప్రశ్నలకు కలిపి ఏడు నిమిషాలు పెట్టుకోవచ్చు. అందులో మూడు నిమిషాలు చదవడానికే పోనివ్వండి. చదవడంలో నిమిషం ఆదా చేసి, ఆప్షన్ల దగ్గర మూడు నిమిషాలు పోగొట్టుకోవడమే ఇప్పుడు మీరు చేస్తున్నది. ఒకసారి సరిగ్గా విడదీసిన వాదన మీద ఆరు ప్రశ్నలు వస్తాయి. ఆ మొదటి పెట్టుబడి ఆరుసార్లు తిరిగి వస్తుంది.

ఒక ప్రశ్న మీద నిమిషంన్నర దాటినా తేలకపోతే ఏదో ఒకటి పెట్టి గుర్తు పెట్టుకుని ముందుకు పోండి. ఖాళీగా వదలకండి. తప్పు జవాబుకు పోయేది పావు మార్కే. రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు ఊహించి పెడితే సగటున ఒక్కో ప్రశ్నకు 0.375 మార్కు లాభం. మూడు మిగిలినా 0.17 దాకా లాభమే. పావు మార్కు పోతుందన్న భయంతో రెండు ఆప్షన్ల దగ్గర ఖాళీ వదిలేసేవాళ్లు పరీక్ష మొత్తం మీద మూడు నాలుగు మార్కులు చేజేతులా పారేసుకుంటారు. ర్యాంకుల్లో ఆ తేడా చిన్నది కాదు.

మెటీరియల్ విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది. మార్కెట్లో దొరికే మాక్‌లలో లాజికల్ రీజనింగ్ ప్రశ్నల నాణ్యత చాలాచోట్ల బాగుండదు. రెండు ఆప్షన్లూ ఒప్పే అనిపించే ప్రశ్నలు, కీలో ఒకటి వివరణలో ఇంకోటి ఉన్నవి కూడా తగులుతాయి. అలాంటివాటి మీద తల బద్దలు కొట్టుకుని 'నాకు లాజిక్ రాదు' అని నిర్ణయించుకోకండి. అసలు పరీక్ష కీల మీదే వివాదాలు వస్తాయి. క్లాట్ 2025 యూజీ కీలో రెండు ప్రశ్నల విషయంలో 2024 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఫలితాలు సవరించమని చెప్పాల్సి వచ్చింది. కాబట్టి మీ మొదటి పుస్తకం క్లాట్ నిర్వహించే కన్సార్టియం పాత పేపర్లే కావాలి, అదీ 2020 నుంచి వచ్చినవి. ఉన్నవి కొన్నే కాబట్టి గబగబా ఊదిపారేయకండి. చివరి రెండు పేపర్లను నవంబర్ కోసం దాచుకుని, మిగిలినవాటిలోని ప్రతి లాజికల్ ప్యాసేజీని పైన చెప్పినట్టు రెండుసార్లు చేయండి. నెల గ్యాప్ ఇచ్చి మూడోసారి చేసినా నష్టం లేదు. జవాబు గుర్తున్నా పర్వాలేదు, మిగతా మూడు ఎందుకు తప్పో చెప్పగలరా అన్నదే అక్కడ పరీక్ష.

ఆ తర్వాత అమెరికా లా స్కూళ్ల పరీక్ష ఎల్‌శాట్‌లోని లాజికల్ రీజనింగ్ ప్రశ్నలు. వాటిని నిర్వహించే సంస్థ వెబ్‌సైట్‌లో కొన్ని అసలు పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి. చిన్న పేరా, దాని మీద ఒక్క ప్రశ్న. క్లాట్ కంటే కఠినంగా ఉంటాయి, కానీ ఆప్షన్లు చాలా శ్రద్ధగా రాసి ఉంటాయి. తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో ఒక్క మాట పట్టుకుని చూపించగలిగేలా ఉంటాయి. నోట్‌బుక్‌లో మీ బలహీనత అజంప్షన్ అని తేలితే, అక్కడి నుంచి అజంప్షన్ ప్రశ్నలే ఏరుకుని రోజుకు ఐదారు చేయండి. మార్కులు లెక్కపెట్టుకోకండి, మొదట్లో సగం తప్పులు వచ్చినా సహజమే.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన పుస్తకం. 2020కి ముందు క్లాట్ 200 ప్రశ్నల పేపర్‌గా ఉండి, అందులో లాజికల్ రీజనింగ్‌కు 40 ఉన్న రోజుల్లో ఆ సలహా సరైనదే. ఇప్పుడు కన్సార్టియం సిలబస్ చూస్తే ఈ సెక్షన్ గురించి చెప్పేది దాదాపు అంతా వాదనలను గుర్తించడం, ఆధారాలూ ముగింపూ విడదీయడం, ఏం తేలుతుందో చెప్పడం, వైరుధ్యాలు, సామ్యాలు పట్టుకోవడం గురించే. సీటింగ్ అరేంజ్‌మెంట్ చేయడం వల్ల మీరు చెప్పిన 'చివరి రెండు ఆప్షన్ల' సమస్య తీరదు. అక్కడ జవాబు లెక్కలా ఒకటే వస్తుంది, ఇక్కడ మాటల బరువు తూచాలి. ఎప్పుడైనా ఒక పజిల్ సెట్ వచ్చినా బెదిరిపోకుండా ఉండటానికి ఆదివారం ఒక గంట దానికి ఇవ్వండి, అంతకుమించి వద్దు.

అయితే ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ సొంత ప్రవేశ పరీక్ష ఏఐలెట్ కూడా రాసే ఉద్దేశం ఉంటే లెక్క మారుతుంది. ఆ పేపర్లో 150 ప్రశ్నలకు 70 లాజికల్ రీజనింగే, అందులో పాత తరహా ప్రశ్నలకూ సిద్ధంగా ఉండాలి. అప్పుడు ఫ్రెండ్ పుస్తకం తీసుకోండి. తెలుగు రాష్ట్రాల్లోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ కోసం మాత్రం దీనంతటి గురించి ఆలోచించకండి. అక్కడ జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 ప్రశ్నలే, నెగెటివ్ మార్కులు లేవు, పేపర్ తెలుగులో కూడా ఉంటుంది. క్లాట్‌కు చదివిన చదువుకు తోడు పాత పేపర్లు కొన్ని చూసుకుంటే సరిపోతుంది.

ఈ వారం రెండు ప్యాసేజీల చొప్పున చేసి, ఆ రెండు అంకెలూ, మీ నోట్‌బుక్‌లోంచి నాలుగైదు తప్పులూ రాసి పెట్టండి. ఎంత తేడా ఉందో చూశాక టైమర్ ఉంచాలో తీసేయాలో చెబుతాను.